నొప్పి ఆగిన పన్ను: ఇంటిల్లిపాది దంత సంరక్షణలో ఆలస్యం ఎక్కడ మొదలవుతుంది?

పళ్ల డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది మన ఇళ్లలో నొప్పి నిర్ణయిస్తుంది. బతుకమ్మ నాడు సత్తుపిండి ముద్ద నములుతుండగా పన్ను జివ్వుమంటే పత్తి ఏరడం అయిపోయాక చూద్దామనుకుంటారు. పత్తి ఇల్లు చేరేసరికి మిరప తోట పిలుస్తుంది. ఈలోగా మెడికల్ షాపులో తెచ్చుకున్న గోలీలతో నొప్పి తగ్గుతుంది కాబట్టి ఆ ముచ్చట అక్కడితో ముగిసిపోయిందనుకుంటారు. దీన్ని వట్టి నిర్లక్ష్యమని కొట్టిపారేయడం సరికాదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పల్లెల నుంచి హనుమకొండకు వచ్చి చికిత్స చేయించుకోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు తప్పింది గానీ కూలి నష్టం అలాగే ఉంది. కుటుంబాలు వేసుకునే ఈ లెక్కలో అర్థముంది. తప్పల్లా దాని పునాదిలోనే ఉంది: నొప్పి ఉంటే జబ్బు ఉన్నట్టు, నొప్పి పోతే జబ్బు పోయినట్టు అన్న అంచనా పంటి విషయంలో దాదాపు తలకిందులవుతుంది.

పంటి పైపొర అయిన ఎనామిల్ మనిషి శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అందులో నరాలు లేవు కాబట్టి అది కరిగిపోతున్నా ఏ బాధా తెలియదు. దాని కింద ఉండే డెంటిన్‌లో కంటికి కనిపించనంత సన్నని నాళికలుంటాయి. పుచ్చు అక్కడిదాకా దిగితే చల్లని నీళ్లకూ తీపికీ జివ్వుమని, మరుక్షణమే తగ్గిపోతుంది. డెంటిన్‌కు లోపల, గట్టి గోడల మధ్య ఇరుకైన గదిలో, నరాలూ రక్తనాళాలూ కలగలిసిన పల్ప్ అనే మెత్తటి కణజాలం ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని చేరినప్పుడు ఒంట్లో మరెక్కడైనా వచ్చినట్టే వాపు వస్తుంది, కానీ ఉబ్బడానికి అక్కడ చోటుండదు. ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. రాత్రి పడుకోగానే పోటు పెరగడం, ఏ పన్నో వేలు పెట్టి చూపించలేనంతగా చెవిదాకా కణతదాకా లాగడం ఈ దశ గుర్తులు.

అలా కొన్ని రోజులో వారాలో గడిచాక లోపలి పల్ప్ చచ్చిపోతుంది. చచ్చిన నరానికి చల్లదనమూ తెలియదు, వేడి ఛాయ్ కూడా తెలియదు. ‘గోలీలు పడ్డయి, తగ్గింది’ అని ఇంట్లో అందరూ నిమ్మళపడే సమయం సరిగ్గా ఇదే. అప్పటి నుంచి ఆ కుళ్లిన కణజాలంలో పెరిగిన బ్యాక్టీరియా వేరు కొస గుండా దవడ ఎముకలోకి దిగుతుంది. అక్కడ చేరిన చీము చిగురు మీద చిన్న పొక్కులా తేలి కొద్దికొద్దిగా బయటికి పోతుంటే లోపల ఒత్తిడి ఉండదు, నొప్పీ ఉండదు. ఎముక మాత్రం నెలల తరబడి తరిగిపోతూనే ఉంటుంది. సిమెంట్ పెడితే సరిపోయే పన్ను రూట్ కెనాల్ కావలసిన పన్నుగానూ, అది కాస్తా తీయక తప్పని పన్నుగానూ మారే ఈ మొత్తం కాలంలో నొప్పి కనిపించేది మధ్యలో కొంతసేపే. దానికి ముందు ఏళ్ల తరబడి నొప్పి ఉండదు, తర్వాత కూడా చాలాకాలం ఉండకపోవచ్చు.

మెడికల్ షాపులోనో, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో దొరికే యాంటీబయాటిక్ పంటి నొప్పిని ఎందుకు నయం చేయలేదో దీన్నిబట్టే అర్థమవుతుంది. గోలీలోని మందు రక్తం ద్వారా ప్రయాణిస్తుంది. పల్ప్ చచ్చిన పంటిలోకి రక్తప్రసారమే ఉండదు. పల్ప్ ఇంకా బతికి ఉండి వాచిన దశలో అయితే, ఆ వాపు యాంటీబయాటిక్‌కు లొంగే రకం కాదు. ముఖం వాచినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఇన్ఫెక్షన్ చుట్టుపక్కలకు పాకుతున్నప్పుడు ఆ మందులు అవసరమే. అప్పుడు కూడా పంటికి చేయవలసిన పని చేయకుండా మందు ఒక్కటే వాడితే జబ్బు తిరిగి వస్తుంది. నొప్పి మాత్రలది మరో సమస్య. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, బీపీ ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ లాంటివి అడగకుండా రోజుల తరబడి మింగితే పంటి కంటే పెద్ద నష్టమే జరగవచ్చు. ఆస్పిరిన్ గోలీని నేరుగా పంటి పక్కన పెట్టుకునే అలవాటు చిగురును తెల్లగా కాల్చేస్తుంది. లవంగ నూనె చుక్క దూదితో పంటి గుంతలో పెడితే కాసేపు మొద్దుబారుస్తుంది, అందులో నిజముంది; కానీ చిగురంతా పూస్తే అదీ కాలుస్తుంది. వాకుడు గింజల పొగ పట్టించి, నీళ్ల పళ్లెంలో తేలిన తెల్లని నలుసులను పంటి పురుగులని చూపించే పద్ధతి గురించి ఒక్కమాట చాలు: పంటిని పుచ్చబెట్టేది కంటికి కనిపించని బ్యాక్టీరియా, ఆ పళ్లెంలోని నలుసులకు పంటితో సంబంధం లేదు.

తీపి ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది

పుచ్చు ఎలా మొదలవుతుందో తెలిస్తే ఇంట్లో ఏ అలవాటు మార్చాలో, ఏది మార్చకపోయినా నష్టం లేదో తేలిపోతుంది. పంటి మీద పేరుకునే మెత్తటి పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. అది చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో పీహెచ్ విలువ పడిపోతుంది, అంటే ఆమ్లం పెరుగుతుంది. అది దాదాపు 5.5 కంటే దిగువకు చేరితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతాయి. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, కరిగిన ఖనిజాలను తిరిగి పంటికి చేర్చడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈ రెండింటి మధ్య రోజంతా సాగే తూకంలో పన్ను నిలుస్తుంది లేదా పుచ్చుతుంది.

కాబట్టి పండుగనాడు భోజనంతో పాటు నాలుగు అరిసెలు తిన్న పిల్లవాడి పళ్లకంటే, పొద్దుటి నుంచి రాత్రిదాకా గంటకొక బిస్కెట్టో చాక్లెట్టో తినే పిల్లవాడి పళ్లకు ముప్పు ఎక్కువ. మొదటివాడి నోట్లో ఆమ్లం ఒక్కసారి లేచి దిగుతుంది, రెండోవాడి నోట్లో దిగే సందే ఉండదు. పెద్దల విషయంలో అదే పాత్రను చక్కెర ఛాయ్ పోషిస్తుంది. షాపులోనో ఆఫీసులోనో కూర్చుని రోజుకు ఆరేడుసార్లు ఛాయ్ తాగేవారికి, మిఠాయి ముట్టకపోయినా పళ్లు పుచ్చడంలో ఆశ్చర్యం లేదు. బెల్లం మంచిదన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. మేడారంలో బంగారమై పంచుకునే బెల్లమైనా, మలీద ముద్దలోని బెల్లమైనా బ్యాక్టీరియాకు చక్కెరే. పైగా పంటికి అంటుకుని ఎక్కువసేపు నిలుస్తుంది. ప్రసాదం మానుకోవాలని దీని అర్థం కాదు, తిన్నాక నీళ్లతో పుక్కిలిస్తే చాలు. పల్లీలు, మక్క గుడాలు, ఉడికిన శనగలు లాంటి చిరుతిళ్లు బడి నుంచి వచ్చిన పిల్లలకు పెట్టడం మన ఇళ్లలో కొత్త కాదు; ప్యాకెట్లు వచ్చి వాటిని పక్కకు నెట్టాయి.

రాత్రి సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసిపిల్లలకు పైవరుస ముందు పళ్లు ఒకేసారి గోధుమరంగుకు తిరిగి విరిగిపోవడం దీనివల్లే. నిద్ర పుచ్చడానికి సీసా ఇవ్వక తప్పని పరిస్థితిలో అందులో చక్కెర కలపని నీళ్లు ఉండాలి. పెద్దలకైనా పిల్లలకైనా పొద్దున తోముకోవడం కంటే రాత్రి పడుకునే ముందు తోముకోవడమే ముఖ్యం. మన ఇళ్లలో వరస మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. పొద్దున మొహం కడుక్కోనిదే ఛాయ్ ముట్టనివారు కూడా రాత్రి అన్నం తిని నేరుగా పడుకుంటారు.

తోముకునే సాధనాల్లో వేపపుల్లకు, కానుగపుల్లకు ఉన్న గౌరవం పూర్తిగా నిరాధారమేమీ కాదు. నమిలి కుంచెలా చేసిన పుల్ల పాచిని తీస్తుంది. అయితే అది దవడ పళ్ల వెనక భాగాలకు చేరదు, ఫ్లోరైడ్ అందించదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు, ఎర్ర పళ్లపొడి మాత్రం పంటిని అరగదీస్తాయి. వాటితో తోమినప్పుడు కనిపించే తెలుపు ఎనామిల్ అరిగినందువల్ల వచ్చేది, అరిగిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. గట్టి బ్రష్‌తో అడ్డంగా బలంకొద్దీ రుద్దినా చిగురు మొదట్లో పన్ను గంటు పడి చల్లదనానికి లాగుతుంది. మెత్తటి బ్రష్, రెండు నిమిషాల సమయం, మూడు నాలుగు నెలలకొకసారి బ్రష్ మార్చడం సరిపోతాయి. పేస్ట్ ఉమ్మేశాక నోరంతా నీళ్లతో కడిగేయకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ పంటి మీద ఇంకాసేపు నిలుస్తుంది.

బోరు నీళ్లు, బాటిల్ నీళ్లు

తెలంగాణలో ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తుకు వస్తుంది. భయం కలగడం సహజమే. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) పీడిత ప్రాంతాన్ని వైద్య శాస్త్రం మొదట గుర్తించింది కూడా తెలుగునేల మీదే. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచి ఆ వివరాలు వెలువడ్డాయి. రాతినేలల్లో లోతుగా తవ్విన బోర్ల నీటిలో ఫ్లోరైడ్ కరిగి ఉండటం వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లోని కొన్ని ఊళ్లకూ తెలిసిన సంగతే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది, వేరే నీటి వనరు లేనిచోట 1.5 దాకా అనుమతిస్తుంది. పళ్లు దవడలో తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, అంతకంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఒంట్లోకి చేరితే ఎనామిల్ సరిగా గట్టిపడక తెల్లని చారలు, గోధుమరంగు గారమచ్చలు ఏర్పడతాయి. అవి పంటిలో భాగమైపోయిన మచ్చలు. ఎంత తోమినా పోవు, పళ్లపొడి మార్చినా పోవు. పైపొరను సన్నగా పాలిష్ చేయడం, పంటి రంగు పూత వేయడం లాంటి చికిత్సలతో వాటిని కప్పవచ్చు.

ఇక్కడొక చిక్కు ఉంది. ఎక్కువైతే చెడుపు చేసే ఫ్లోరైడే తగు మోతాదులో పంటి పైపొరను ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది. మింగిన ఫ్లోరైడ్ కంటే పంటి మీద నేరుగా తగిలే ఫ్లోరైడ్ పనిచేసే తీరు మేలని తేలింది కాబట్టే పేస్ట్‌కు అంత ప్రాధాన్యం. గత పదేళ్లలో మన నీటి తీరు మారింది. మిషన్ భగీరథ ద్వారా గోదావరి, కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాయి. వరంగల్ నగరానికి దిగువ మానేరు నుంచి కాకతీయ కాలువ మీదుగా ధర్మసాగర్‌కు నీళ్లు చేరుతాయి. మరోపక్క ఇరవై లీటర్ల ఆర్‌ఓ క్యాన్లు పల్లెలకూ పాకాయి. ఉపరితల జలాల్లో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ, ఆర్‌ఓ యంత్రం ఉన్నదాన్ని కూడా చాలావరకు తీసేస్తుంది. ఫలితంగా ఒకే ఇంట్లో బోరు నీళ్లు తాగి పెరిగిన పెద్దాయనకు గారపళ్లు, క్యాన్ నీళ్లు తాగి బిస్కెట్లు తినే మనవడికి పుచ్చిన పళ్లు కనిపించడంలో వింతేమీ లేదు. ఫ్లోరోసిస్ భయంతో మనవడికి ఫ్లోరైడ్ లేని పేస్ట్ కొనడం ఈ పరిస్థితిలో పొరపాటు.

భయం తీరాలంటే పేస్ట్ మోతాదు చూసుకోవాలి. మన దేశంలో పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) మించకూడదన్న నిబంధన ఉంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత పేస్ట్ చాలు. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా పిండటం పేస్ట్ అమ్మేవారికి తప్ప ఎవరికీ అవసరం లేదు. పిల్లలు మింగకుండా ఉమ్మేలా పెద్దవాళ్లు దగ్గరుండాలి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల చేతికి దవడ పళ్లు సరిగా తోమే నేర్పు రాదు. ఊళ్లో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నవారు మాత్రం ఆ నీటిని పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ముందు నీటిని మార్చుకోవాలి.

‘పాలపన్నే కదా, ఎట్లాగూ ఊడుతది’

పిల్లల చికిత్స వాయిదా పడటానికి ఈ మాటను మించిన కారణం మరొకటి లేదు. పాలపళ్లు మొత్తం ఇరవై. ఆరో నెల అటూఇటుగా మొదలై మూడేళ్లలోపు అన్నీ వస్తాయి. ముందువి ఆరేడేళ్లకు ఊడిపోయే మాట నిజమే కానీ వెనకనున్న పాల దవడ పళ్లు పది నుంచి పన్నెండేళ్లదాకా ఉంటాయి. ఐదేళ్ల పాపకు పుచ్చిన దవడ పన్ను ఇంకా ఐదారేళ్లు అన్నం నమలాలి. దాన్ని తొందరపడి తీసేస్తే వెనక పన్ను ముందుకు జరిగి, కింద నుంచి రావలసిన శాశ్వత పంటికి చోటు లేకుండా చేస్తుంది. పదమూడేళ్లకు క్లిప్పులు పెట్టించే ఖర్చు కొన్నిసార్లు అక్కడ మొదలవుతుంది. తీయక తప్పకపోతే ఆ చోటును కాపాడే చిన్న తీగ అమరిక పెట్టించడం గురించి డాక్టర్‌ను అడగాలి. పాలపంటి వేరు దగ్గర చీము చేరి చాలాకాలం నిలిస్తే దాని కింద తయారవుతున్న శాశ్వత పంటి ఎనామిల్ కూడా దెబ్బతినవచ్చు.

అంతకంటే ఎక్కువగా మోసపోయేది ఆరో ఏట వచ్చే దవడ పంటి విషయంలో. ఏ పాలపన్నూ ఊడకుండా, వరుసకు చివర, సడిచప్పుడు లేకుండా అది మొలుస్తుంది కాబట్టి తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. నిజానికి అది జీవితకాలం ఉండవలసిన పన్ను, నమలడంలో ఎక్కువ భారం మోసే పన్ను. దాని పైభాగంలో లోతైన గాడులుంటాయి, బ్రష్ పోగులు ఆ గాడుల అడుగుకు చేరవు. మొలిచిన కొద్ది నెలల్లోనే ఆ గాడులను సీలెంట్ అనే పలచని పూతతో పూడ్పించడం దంతవైద్యంలో ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే పనుల్లో ముందు వరుసలో ఉంటుంది. నొప్పి ఉండదు, మత్తు సూది అవసరం లేదు. ఆరు నెలలకొకసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయించడం కూడా అలాంటిదే. చిగురు దగ్గర సున్నంలాంటి తెల్లమచ్చ కనిపించడం పుచ్చు తొలి గుర్తు, ఆ దశలో దాన్ని వెనక్కి మళ్లించవచ్చు. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పళ్లను కూడా చూస్తాయి. వారు రాసిచ్చిన చీటీ పిల్లల సంచీలో నలిగిపోకుండా చూసుకోవలసింది ఇంటివాళ్లే.

చికిత్స మధ్యలో వదిలేయడం

రూట్ కెనాల్ గురించి చాలామందికి భయం ఉంటుంది గానీ, చికిత్స చెడిపోవడానికి కారణం తరచూ భయానికి సంబంధం లేనిది. మొదటి సిట్టింగ్‌లో డాక్టర్ పంటికి రంధ్రం చేసి చెడిన నరాన్ని తీసి, తాత్కాలికంగా సిమెంట్ పెట్టి పంపుతారు. నొప్పి ఆ రోజే తగ్గుతుంది. తగ్గింది కాబట్టి రెండో సిట్టింగ్‌కు చాలామంది రారు. తాత్కాలిక సిమెంట్ కొన్ని వారాల్లో అరిగి, లాలాజలంతో పాటు బ్యాక్టీరియా లోపలికి దిగి, పన్ను మొదటికంటే హీనస్థితికి చేరుతుంది. అన్ని సిట్టింగ్‌లూ పూర్తి చేసినవారిలో కూడా పంటి మీద తొడిగే క్యాప్ ఖర్చు దగ్గర ఆగిపోయేవారు ఉంటారు. నరం తీసిన దవడ పన్ను అప్పటికే పుచ్చుతోనూ, చికిత్స కోసం చేసిన రంధ్రంతోనూ గోడలు పలచబడి ఉంటుంది. సంక్రాంతికి గట్టి సకినం కొరికినప్పుడు నిలువునా చీలితే ఇక తీయడమే మార్గం. అందుకని దూరం నుంచి వచ్చేవారు మొదటి రోజే మొత్తం ఎన్ని సిట్టింగ్‌లు, క్యాప్‌తో కలిపి ఎంత, ఏ రకం క్యాప్ అన్నది రాయించుకుని, కూలి పనుల తీరునుబట్టి తేదీలు ఖాయం చేసుకోవడం మేలు. కొన్ని పళ్లకు ఒకే సిట్టింగ్‌లో పూర్తి చేయడం సాధ్యమే, ఆ విషయం అడగడానికి మొహమాటపడనక్కర లేదు.

ప్రతి పన్నునూ కాపాడుకోవాలన్న పట్టింపూ అక్కర లేదు. చోటు చాలక అడ్డంగా మొలిచి మాటిమాటికీ వాచే జ్ఞానదంతాన్ని తీయించుకోవడం వివేకమే. కానీ నమిలే దవడ పన్నును చవక అని తీయించుకున్నప్పుడు ఆ చవక ఎన్నాళ్లదో ఆలోచించాలి. ఖాళీలోకి పక్క పళ్లు వాలుతాయి, ఎదురు వరుస పన్ను సాగుతుంది, నమలడం ఒకవైపే అవుతుంది. తర్వాత పక్క పళ్ల ఆసరాతో నిలిచే కట్టుడు పన్ను, అంటే బ్రిడ్జి పెట్టించాలంటే రెండు పక్కల మంచి పళ్లను అరగదీయాలి. ఎముకలో బిగించే ఇంప్లాంట్ అయితే రూట్ కెనాల్ ఖర్చుకు కొన్ని రెట్లవుతుంది. పైపళ్లు తీయిస్తే కంటిచూపు పోతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు. పంటి నరాలూ కంటిచూపు నరమూ వేర్వేరు.

మరోవైపు అతి చికిత్స కూడా ఉంది. నొప్పి ఏమీ లేని మనిషికి ఒకే సిట్టింగ్‌లో ఎనిమిది పది పళ్లకు చికిత్స రాసినప్పుడు, ఎక్స్‌రే చూపించమని, ఏది ఇప్పుడే చేయాలో ఏది ఆగవచ్చో చెప్పమని అడిగి, మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు. గాడిలో కనిపించే ప్రతి నల్లగీతా పుచ్చు కాదు. 1948 నాటి డెంటిస్ట్స్ చట్టం వచ్చినప్పటి నుంచి దంతవైద్యుల రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు క్లినిక్ గోడ మీద కనిపించాలి. పరికరాలు ఆటోక్లేవ్ అనే యంత్రంలో 121 డిగ్రీల ఆవిరి వేడిలో శుద్ధి చేసి, మూసిన కవర్లోంచి మన కళ్లముందే తీయాలి. హెపటైటిస్ బి లాంటి కాలేయ జబ్బులు శుద్ధి చేయని పరికరాల ద్వారా సోకగలవు కాబట్టి సంతల్లోనూ బస్టాండ్ల పక్కనా కట్టుడు పళ్లు అమర్చేవారి దగ్గర చవకకు లొంగకూడదు.

నొప్పి లేకుండానే ఊడిపోయే పళ్లు

పుచ్చు కనీసం మధ్యలోనైనా కేకపెడుతుంది; చిగుళ్ల జబ్బు అదీ చేయదు. తోమేటప్పుడు రక్తం కనబడితే చాలామంది ఆ భాగాన్ని తోమడం మానేస్తారు. మానితే పాచి ఇంకా పెరిగి, గట్టిపడి గారవుతుంది; గార కింద చిగురు వదులై, పంటిని పట్టి ఉంచే ఎముక తరిగి, యాభై ఏళ్లకు మంచి పళ్లు ఒక్కొక్కటే కదులుతాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న మాట ఎంతోమంది నోట వినిపిస్తుంది. నిజానికి అప్పటికే ఎముక పోయి కదిలే పళ్లను గారే కలిపి పట్టి ఉంచుతుంది, అది తీయగానే ఉన్న వదులు బయటపడుతుంది. మధుమేహం ఉన్నవారికి ఇది మరింత ముఖ్యం. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపు తప్పుతుంది. షుగర్ ఉన్నవారు పన్ను తీయించుకోవడానికి ఖాళీ కడుపుతో వెళ్లకుండా, టిఫిన్ తిని మందు వేసుకుని ఉదయం పూట వెళ్లాలి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకుండా గుండె డాక్టర్‌ను అడగాలి. గర్భిణులకు చిగుళ్లు వాచి రక్తం కారడం సాధారణం, కానీ ప్రసవం దాకా ఆగవలసిన అవసరం లేదు. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య క్లీనింగ్, ఫిల్లింగ్ నిశ్చింతగా చేయించుకోవచ్చు.

తంబాకు, జర్దా, గుట్కా, బీడీ ఉన్న ఇళ్లలో చూసుకోవలసింది పళ్లను మించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను, పొగాకు కలవకపోయినా సరే, క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వక్క నమిలే కుర్రవాళ్లలో బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు క్రమంగా తెరుచుకోకుండా పోతుంది. తమ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే, కారం తగిలితే మంటగా ఉంటే, రెండు మూడు వారాలైనా మానని పుండో తెల్లమచ్చో ఉంటే నొప్పి లేదన్న కారణంతో ఆగకూడదు. నోటి క్యాన్సర్ కూడా మొదట్లో నొప్పి పెట్టదు.

వెంటనే పరుగెత్తవలసిన సందర్భాల్లో ముఖ్యమైనవి రెండు. ఆటలో కిందపడి పిల్లవాడి శాశ్వత పన్ను వేరుతో సహా ఊడివస్తే, దాన్ని పైభాగం దగ్గర పట్టుకుని, మట్టి ఉంటే వేరు రుద్దకుండా ఒక్కసారి కడిగి, వీలైతే అదే గుంతలో పెట్టాలి. లేకపోతే పాలల్లో వేసి అరగంట, గంటలోపు పళ్ల డాక్టర్ దగ్గరికి చేరాలి. గుడ్డలోనో కాగితంలోనో చుట్టి తెస్తే వేరు మీది కణాలు ఎండిపోతాయి. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు. రెండోది దవడ కింద, మెడ వైపు పాకే వాపు. నాలుక పైకి లేచి, మింగడం కష్టమై, జ్వరంతో మాట ముద్దగా వస్తుంటే ఆ వాపు ఊపిరి దారిని మూసేయగలదు. అలాంటప్పుడు పొద్దున క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా, రాత్రయినా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖాన అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. ఏ పన్ను పుచ్చింది, ఎన్ని రోజులుగా ఏ గోలీలు వేసుకున్నారు, షుగర్ ఉందా అన్నవి అక్కడి డాక్టర్‌కు ముందే చెప్పాలి.